ఒక లినో ముక్క, నలభై కాగితాలు: పెదవాల్తేరు గదిలో వేసిన ఎడిషన్ డైరీ

ప్రెస్సు లేకుండా, చేత్తో రుద్ది, నాలుగు రంగుల లినోకట్ (లినోలియం ముక్క మీద బొమ్మ చెక్కి, ఇంకు పూసి కాగితం మీద తీసే అచ్చు) వేయాలనుకునే వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా విశాఖలో మాలాగా సముద్రం పక్కన ఉండేవాళ్ల కోసం. బయటి ఊళ్ల వాళ్లు రాసిపెట్టిన పద్ధతులు ఇక్కడ చాలావరకు పనిచేస్తాయి గానీ, తేమ దగ్గరకు వచ్చేసరికి ఒక్కటీ నిలబడలేదు.

పద్ధతి పేరు రిడక్షన్. ఉన్నది ఒకటే బ్లాకు. తెల్లగా ఉండాల్సినంత చెక్కి, మొదటి రంగు అన్ని కాగితాల మీదా వేస్తాం. అదే బ్లాకును మరికొంత చెక్కి, వాటి మీదే రెండో రంగు వేస్తాం. అలా చివరి రంగు వరకు. 1950ల చివర్లో దక్షిణ ఫ్రాన్స్‌లో పికాసో ఈ దారిలో చాలా లినోకట్లు చేశాక దీనికి బాగా పేరొచ్చింది. వెనక్కి వెళ్లే వీలు లేని పని ఇది. రెండో రంగుకు చెక్కాక మొదటి రంగు బ్లాకు ఇక లోకంలో ఉండదు. అందుకే ఎడిషన్‌కు, అంటే ఒకే బొమ్మకు నంబర్లు వేసి తీసే అచ్చుల మొత్తానికి, ఎన్ని కాగితాలతో మొదలుపెడితే అన్నే. తర్వాత తగ్గడమే గానీ పెరగడం ఉండదు.

బొమ్మ మన ఫిషింగ్ హార్బర్. 2023 నవంబర్ 19 రాత్రి అక్కడ పడవలు తగలబడ్డాక చాలాసార్లు వెళ్లి గీసుకున్న స్కెచ్‌లలో ఒకటి. ముందు ఒక పడవ, పక్కన మరో రెండు, వెనక కుడివైపు డాల్ఫిన్స్ నోస్ కొండ. బ్లాకు 300 × 220 మిల్లీమీటర్లు, కాగితం 380 × 300.

దశ 1: సామాను, పరీక్ష అచ్చులు (2025 జూన్ 8 – జూలై 6)

కొన్నవి:

1. లినో, 3.2 మి.మీ. మందం, రెండు ముక్కలు: రూ. 960
2. నున్నటి హ్యాండ్‌మేడ్ కాగితం, 120 జీఎస్ఎం (చదరపు మీటరుకు 120 గ్రాములు), 45 షీట్లు (40 అసలు పనికి, 5 పరీక్షకు): రూ. 3,150
3. ఆఫ్‌సెట్ ఇంకు, నాలుగు డబ్బాలు: రూ. 2,400
4. తేమ మీటరు: రూ. 420
5. మెగ్నీషియం కార్బొనేట్ పొడి: రూ. 180

ఉలులు, గాజు పలక, రోలర్ నా దగ్గర ముందే ఉన్నాయి.

కాగితం విషయంలో ఒక మాట. నా దగ్గర పాతవి 200 జీఎస్ఎం గరుకు కాగితాలు ఉంటే ముందు వాటి మీద ప్రయత్నించాను. ఎంత రుద్దినా నిండు రంగు పడలేదు, మధ్యమధ్య ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. చేత్తో తీసే అచ్చుకు గరుకు కాగితం వద్దు. 120 దాటిన మందమూ వద్దు.

ఇంకు డాబాగార్డెన్స్‌లో ఒక ప్రెస్సు నడిపే పెద్దాయన ద్వారా తెప్పించుకున్నాను. ఆఫ్‌సెట్ ఇంకు మెషీన్ కోసం తయారైంది, చేతి రోలర్‌కి జిగురులా సాగుతుంది. మొదటి పరీక్షలో కాగితం పైపొర ఊడి బ్లాకుకు అంటుకుంది. కాచిన అవిసె నూనె కలపమని ఆయన అన్నారు. ఒక చెంచా ఇంకుకు పది చుక్కలు వేశాను. వెన్నలా పరుచుకుంది. అయిదు అచ్చులు చక్కగా వచ్చాయి. అక్కడితో ఆగకుండా ఆ రోజే అసలు పని మొదలుపెట్టి ఉంటే నలభై కాగితాలూ పోయేవి.

పద్దెనిమిది రోజుల తర్వాత ఆ అయిదింటినీ తిప్పి చూస్తే ప్రతి గీత చుట్టూ రెండు మిల్లీమీటర్ల పసుపు మరక. అప్పడం పెట్టిన పేపరు మీద నూనె దిగినట్టు. ఇంకులో పట్టకుండా మిగిలిన నూనె కాగితంలోకి పాకింది. నెల తర్వాత ముందువైపు కూడా కనబడింది.

మార్చింది ఇది:

1. ఇంకును గాజు పలక మీద కత్తితో అయిదు నిమిషాలు మెదపాలి. సగం జిగురు దానికే తగ్గుతుంది.
2. చెంచాకు నూనె రెండు చుక్కలు, అంతకు మించి వద్దు.
3. ఇంకా సాగుతుంటే మెగ్నీషియం కార్బొనేట్ చిటికెడు.
4. పరీక్ష అచ్చును కనీసం మూడు వారాలు పక్కన పెట్టి, వెనకవైపు చూశాకే అసలు కాగితం ముట్టుకోవాలి.

మనల్ని ఇంత ఇబ్బంది పెట్టే ఈ నూనె పాళ్లనే పనిముట్టుగా మార్చుకున్న మహానుభావుడు మన చిత్తూరు జిల్లాలోనే పుట్టారు. కృష్ణారెడ్డిగారు, 1925లో. పారిస్‌లో అటెలియర్ 17 అనే ప్రింట్ స్టూడియోలో పనిచేస్తూ, ఒక ఇంకులో నూనె ఎక్కువ, మరో ఇంకులో తక్కువ ఉంటే ఒకదాని మీద ఒకటి అంటుకోవన్న గుణాన్ని పట్టుకుని, ఒకే ప్లేటు మీద పలు రంగులు ఒక్కసారే అచ్చు తీసే పద్ధతిని రూపొందించిన వాళ్లలో ఆయన ముఖ్యులు. పది చుక్కలకూ రెండు చుక్కలకూ తేడా ఎంతో నా కళ్లతో చూశాక ఆయన పని మీద గౌరవం పదింతలైంది.

లెక్క: ఖర్చు రూ. 7,110. పని 22 గంటలు. కాగితాలు 40.

దశ 2: మొదటి చెక్కుడు, తిరగబడని వత్తు (జూలై 9 – ఆగస్టు 17)

అచ్చులో బొమ్మ కుడిఎడమలు మారిపోతుంది. తిప్పకుండా చెక్కితే డాల్ఫిన్స్ నోస్ ఎడమవైపుకు వెళుతుంది. విశాఖలో చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు. అందుకే ట్రేసింగ్ పేపరు మీద గీసి, బోర్లించి, బ్లాకు మీద దిద్దాను. అంతవరకు బాగానే ఉంది.

పడవ పేరు దగ్గర తప్పు చేశాను. ట్రేసింగ్‌లో పేరు రాయలేదు. తర్వాత బ్లాకు మీద నేరుగా పెన్సిల్‌తో తిరగేసి రాశాను. పేరు ‘గంగమ్మ’. అక్షరాలు పన్నెండు మి.మీ. ఎత్తు, గీత రెండు మి.మీ. తలకట్లు తిప్పాను, సున్నా సరే, మ కూడా తిప్పాను. కింద వత్తు మాత్రం చేతి అలవాటు కొద్దీ మామూలుగానే రాసేశాను. చెక్కేటప్పుడు కూడా కనబడలేదు. న్యూస్‌ప్రింట్ మీద మొదటి నమూనా తీసి చూస్తే వత్తు అద్దంలో చూసినట్టు వెనక్కి తిరిగి ఉంది.

అక్షరాలు తెల్లగా రావాలి కాబట్టి అవి మొదట చెక్కేవి. చెక్కిన చోట లినో లేదు. ఏం చేశానంటే:

1. వత్తు చుట్టూ 14 × 9 మి.మీ. దీర్ఘచతురస్రం కత్తితో అడుగు వరకు కోసి తీశాను.
2. రెండో లినో ముక్క నుంచి అదే కొలత ముక్క కోశాను. కోత కొంచెం వాలుగా ఉండాలి, అప్పుడే బిగుతుగా కూర్చుంటుంది.
3. ఎపాక్సీతో అతికించి, పైన బరువు పెట్టి ఒక రోజు వదిలాను.
4. ముక్క అర మిల్లీమీటరు కన్నా తక్కువే ఎత్తుగా ఉంది. 400 నంబరు వాటర్ పేపరుతో సమం చేశాను.
5. వత్తు మళ్లీ రాసి, చేతి అద్దంలో చూసి, మా ఆవిడ చేత చదివించి, అప్పుడు చెక్కాను.

అతుకు చుట్టూ సన్నటి గీత అచ్చులో కనబడుతుంది. వెతికితేనే. మైనం నింపి చూశాను, వేడికి కరిగి ఇంకులో కలిసింది. వదిలేశాను. తెలుగు అక్షరాలు చెక్కేవాళ్లకు ఒకటే మాట: ట్రేసింగ్ మీద మామూలుగా రాయండి, కాగితాన్ని బోర్లించండి, చేత్తో తిప్పి రాయకండి. గుణింతాలు తిప్పడం కష్టం కాదు, వత్తులే మోసం చేస్తాయి.

వేడి గురించి కూడా చెప్పాలి. మధ్యాహ్నం గదిలో 34 డిగ్రీలు దాటితే లినో మెత్తబడి ఉలి జారుతుంది. చెక్కుడంతా ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్యే చేశాను. ఎడమ చెయ్యి ఎప్పుడూ ఉలికి వెనకే ఉండాలి.

రుద్దడానికి మొదట స్టీలు గరిట వాడాను. ఒక అచ్చుకు 25 నిమిషాలు, పైగా కాగితం మీద గరిట అంచు గీతలు. నాకు కావాల్సింది అరచేతిలో పట్టే గుండ్రటి చెక్క బిళ్ల, అడుగున కొంచెం ఉబ్బెత్తు. ఏటికొప్పాక వెళ్లాను. అక్కడి బొమ్మలు చేసే అంకుడు కర్ర మెత్తన, సన్నటి పోగు, కాగితాన్ని గీరదు. లేత్ మీద బొమ్మలు తిప్పే ఒక పెద్దాయనకు కొలత చెప్పాను: పదకొండు సెంటీమీటర్లు, అడుగు మధ్యలో రెండు మి.మీ. ఉబ్బు. పైన మాత్రం మెరిసే ఎర్ర లక్క వేశారు. అడుగుకు కూడా వేస్తారా అని అడిగితే ఒప్పుకోలేదు. “రుద్దితే వేడెక్కిపోద్ది బాబూ, లక్క కరిగి కాయితానికి అంటుకుంటాది” అన్నారు. తిరుగుతున్న కర్రకు లక్క పుల్లను ఆనించి ఆ రాపిడి వేడితోనే రంగెక్కించే చేయి అది, ఆయనకు తెలియకుండా ఎలా ఉంటుంది! అడుగును ఎండు మొగలి ఆకుతో నునుపు చేసి ఇచ్చారు.

ఆ బిళ్లతో, మధ్యలో బటర్ పేపరు వేసి రుద్దితే ఒక అచ్చుకు తొమ్మిది నిమిషాలు.

ఆగస్టు 16, 17 తేదీల్లో మొదటి రంగు, పొద్దుటి ఆకాశపు లేత పసుపు. మూడు పోయాయి. ఒకదాని మీద వేలిముద్ర, రెండింట్లో రంగు సమంగా పడలేదు. ఇంకు చేత్తో కాగితం పట్టుకోకండి. మడిచిన అట్టముక్కలు రెండు వేళ్ల మధ్య పెట్టుకుని పట్టుకోండి.

లెక్క: ఈ దశ ఖర్చు రూ. 660 (చెక్క బిళ్ల, బస్సు, ఎపాక్సీ, వాటర్ పేపరు). మొత్తం రూ. 7,770. ఇప్పటిదాకా పని 53 గంటలు. కాగితాలు 37.

దశ 3: తొమ్మిది కాగితాలు ఎందుకు పోయాయి (ఆగస్టు 24 – సెప్టెంబర్ 21)

అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది ఇక్కడే.

రెండో రంగు కావి. ఆగస్టు 31 సాయంత్రం మొదలుపెట్టాను, బయట వాన. బ్లాకు పెట్టే చోటు, కాగితం మూల పెట్టే చోటు చెక్క పలక మీద అట్టముక్కలతో గుర్తులు అంటించి ఉన్నాయి. మొదటి రంగుకు కూడా అవే వాడాను. అయినా మొదటి కాగితంలోనే ‘గంగమ్మ’ అక్షరాల్లోకి కావి రంగు ఒక మిల్లీమీటరు చొరబడింది. గీతే రెండు మిల్లీమీటర్లు. సగం అక్షరం మూసుకుపోయింది. గుర్తులు జరిగాయేమో అనుకుని సర్దాను. తర్వాతి కాగితంలో ఎడమవైపు సరిపోయింది, కుడివైపు తప్పింది. ఇలా సర్దుతూ తొమ్మిది పోగొట్టాను. తొమ్మిదో దాని దగ్గర ఆగి, స్కేలు తెచ్చి కాగితాన్నే కొలిచాను.

మొదటి రంగు వేసిన మధ్యాహ్నం 380 మి.మీ. ఉన్న కాగితం ఇప్పుడు 381.5 ఉంది.

గుర్తులు కదలలేదు. కాగితం పెరిగింది. మొదటి రంగు వేసినప్పుడు గదిలో తేమ 64 శాతం. ఆ సాయంత్రం 86. వానగాలి పీల్చుకుని కాగితం ఉబ్బింది, దాంతోపాటు దాని మీదున్న బొమ్మ కూడా. బ్లాకు మాత్రం అంతే ఉంది. నాలుగు రంగులు నాలుగు వేర్వేరు తేమల్లో వేస్తే నాలుగు వేర్వేరు సైజుల బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టే. ఆ మాట నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. తేమ మీటరు కొన్నాను గానీ ఇంకు ఆరడానికి పనికొస్తుందనుకున్నాను, కాగితం కొలతకు అదే ఆధారమని తట్టలేదు.

అప్పటి నుంచి పాటించిన పద్ధతి:

1. ప్రతి రంగూ తేమ 62 నుంచి 66 శాతం మధ్య ఉన్నప్పుడే. మా గదిలో అది వాన లేని రోజు పదకొండు నుంచి మూడింటి వరకు.
2. ముందు రోజు రాత్రి నుంచి కాగితాలన్నీ దళసరి పాలిథిన్ సంచిలో, సిలికా జెల్ పొట్లాలతో.
3. అచ్చు వేయబోయే గంట ముందు సంచి విప్పి, విడివిడిగా పరిచి, గది గాలికి అలవాటు పడనివ్వాలి.
4. ఏవైనా మూడు కాగితాలు కొలవాలి. 380కి అర మిల్లీమీటరు అటూ ఇటూ అయితే పని మొదలు. లేకపోతే ఆ రోజుకు లేదు.

అట్టముక్క గుర్తులు కూడా మార్చాను. ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ కాలం నాటి ట్రాన్స్‌పరెన్సీ షీటును చిన్న పట్టీలుగా కోసి, ఆఫీసుల్లో వాడే రెండు చిల్లుల పంచ్‌తో చిల్లులు వేసి, ప్రతి కాగితం పై అంచుకు వెనకవైపు టేపుతో అంటించాను. పలక మీద అదే కొలతలో రెండు చెక్క మేకులు. పట్టీ మేకుల్లో దిగితే కాగితం ఎక్కడికీ కదలదు. పట్టీలు చివరి రంగు అయ్యే దాకా తీయకూడదు.

సెప్టెంబర్ 14న మిగిలిన 28 కాగితాల మీద కావి వేశాను. ఒక్కటీ పోలేదు. అక్షరాల చుట్టూ అంచు కోసినట్టు వచ్చింది.

మూడో చెక్కుడులో ఒక నిర్ణయం తీసుకున్నాను. పడవల పక్కలకు వేలాడే పాత టైర్లు నాలుగు స్కెచ్‌లో ఉన్నాయి. కావి మీద నీలం వచ్చాక అవి గజిబిజిగా ఉంటాయనిపించి చెక్కేశాను. పడవ పక్క మొత్తం ఒకే నిండు రంగుగా ఉంచాను.

లెక్క: ఈ దశ ఖర్చు రూ. 540 (షీట్లు, పంచ్, మేకులు, పలక). మొత్తం రూ. 8,310. పని 91 గంటలు. కాగితాలు 28.

దశ 4: నీలం, తుఫాను (అక్టోబర్ 5 – నవంబర్ 23)

కావి మీద నీలం వేస్తే బురద రంగు వచ్చింది, పరీక్షకు తీసిన పాడైన కాగితం మీదే. నీలంలో తెలుపు మూడో వంతు కలిపితే గానీ కింది రంగును కప్పలేదు. పోయిన తొమ్మిది కాగితాలూ దాచుకున్నందుకు ఇలా పనికొచ్చాయి. చెడిన కాగితం ఏదీ పారేయకండి, చివరి రంగు దాకా పరీక్షలకు అవే దిక్కు.

అక్టోబర్ 25న 28 కాగితాలకూ నీలం వేసి తీగకు ఆరబెట్టాను. రెండు రోజుల్లో మొంథా తుఫాను వానలు. కరెంటు పోయింది, కిటికీలు మూసినా గదిలో తేమ 94. మామూలుగా మూడు రోజుల్లో ఆరే ఇంకు పదకొండో రోజుకు కూడా వేలికి అంటుతోంది. గోడ వైపు చెమ్మ దిగుతోందని భయపడి, తీగ మీదివి తీసి ఒకదాని మీద ఒకటి పేర్చాను, మధ్యలో న్యూస్‌ప్రింట్ వేసి. అది నా తప్పే. అయిదు అచ్చులకు న్యూస్‌ప్రింట్ అతుక్కుపోయింది. లాగితే నీలం మీద కాగితపు నూగు మిగిలింది.

మధ్యలో పెట్టాల్సింది న్యూస్‌ప్రింట్ కాదు, సిలికాన్ పూత ఉన్న బేకింగ్ పేపరు. అసలు పేర్చనే కూడదు. వానాకాలంలో ఇంకులో కోబాల్ట్ డ్రయర్ చెంచాకు రెండు చుక్కలు కలిపితే ఆరు రోజుల్లో ఆరింది, ఇది చివరి రంగులో చూశాను. నాలుగు చుక్కలు వేస్తే పైన చర్మం కట్టి మెరుపు పోతుంది.

చివరి రంగు, నలుపులో కొంచెం నీలం, నవంబర్ 16న. 23లో ఒకటి పట్టీ దగ్గర చిరిగింది.

లెక్క: ఈ దశ ఖర్చు రూ. 460 (పాలిథిన్, సిలికా జెల్, డ్రయర్). మొత్తం రూ. 8,770. పని 135 గంటలు. కాగితాలు 22.

దశ 5: అంకెలు, ఫ్రేములు (డిసెంబర్)

22 అచ్చుల్నీ నేల మీద వరసగా పరిచి పగటి వెలుతురులో చూశాను. ఇరవై అచ్చులు ఒకదానితో ఒకటి సరిపోయాయి. రెండింట్లో నలుపు నీరసంగా ఉంది. గోడకు విడిగా పెడితే ఎవరూ గుర్తుపట్టరు. కానీ ఎడిషన్ అంటే ఏడో ప్రింటు కొన్నవారూ పదిహేడోది కొన్నవారూ ఒకటే బొమ్మ కొన్నట్టు. ఆ రెండూ చించేశాను. చించేటప్పుడు చేయి ఆడలేదు, నిజం.

పద్దెనిమిదికి నంబర్లు వేశాను, రెండు నా కోసం, అంటే ఆర్టిస్ట్ ప్రూఫ్‌లుగా ఉంచుకున్నాను. ప్రూఫ్‌లు ఎడిషన్‌లో పదో వంతు దగ్గర ఉండటం వాడుక. నంబరు ఎడమ మూల, పేరు మధ్యలో, సంతకం కుడి మూల, అన్నీ పెన్సిల్‌తో. ప్రూఫ్ మీద ‘ఏ.పీ.’ అని పొట్టి అక్షరాలు రాస్తే ఒకరు ఆంధ్రప్రదేశ్ అనుకున్నారు. అందుకే ‘ఆర్టిస్ట్ ప్రూఫ్’ అని తెలుగులో పూర్తిగా రాస్తున్నాను.

ఫ్రేములు ముందు పాడైన కాగితాలతో రెండు కట్టించి చూశాను. గాజు నేరుగా ప్రింటును తాకేలా బిగించారు. ఇరవై రోజుల్లో గాజు లోపల ఆవిరి, ఒక మూల బూజు చుక్కలు. మన ఊళ్లో గాజుకూ కాగితానికీ మధ్య ఖాళీ తప్పనిసరి. రెండున్నర మి.మీ. మౌంటు బోర్డు పెట్టించి, వెనక ఫోమ్ బోర్డు వేయించి, మేకుల చోట పేపరు టేపు అతికించమన్నాను. ఆ రెండూ తిరిగి చేయించడానికి రూ. 600. మొత్తం ఆరు ఫ్రేములు, ఒక్కోటి రూ. 1,450. మిగతా ప్రింట్లకు, ప్రూఫ్‌లకు పల్చని పారదర్శక కవర్లు, అట్టలు రూ. 880.

లెక్క: ఈ దశ ఖర్చు రూ. 10,180. మొత్తం రూ. 18,950. పని 176 గంటలు. నంబర్లు వేసినవి 18, ప్రూఫ్‌లు 2.

దశ 6: అమ్మకం (2026 జనవరి – ఏప్రిల్)

ఇక్కడ చేసిన మొదటి తప్పు ధర. డిసెంబర్ చివర్లోనే ఇద్దరు తెలిసినవాళ్లకు 1/18, 2/18 ఒక్కోటి రూ. 2,000కు ఇచ్చేశాను. తర్వాత లెక్క కూర్చుంటే ఫ్రేము లేకుండా రూ. 3,500, ఫ్రేముతో రూ. 5,500 తేలింది. తర్వాత కొన్నవారిలో ఒకరు ఆ మొదటి ధర తెలిసి బాధపడ్డారు, వారి బాధ న్యాయమే. ధర రాసి గోడకు అంటించాక గానీ ఒక్కటీ బయటకు ఇవ్వకండి. ఎడిషన్ సగం పైన అమ్ముడయ్యాక పెంచవచ్చు, తగ్గించడం మాత్రం ఎప్పుడూ వద్దు.

నలుగురం కలిసి బీచ్ రోడ్డు వైపు ఒక హాలు మూడు రోజులు తీసుకున్నాం. నా వాటా రూ. 2,500. వచ్చినవాళ్లలో సగం మంది అడిగింది ఒకటే: “ఇది జిరాక్సా అండి?” ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. 1894లో రవివర్మ ముంబైలో ప్రెస్సు పెట్టి దేవుళ్ల బొమ్మలు అచ్చు వేయించినప్పటి నుంచి మన ఇళ్లలో ప్రింటు అంటే పటమే, క్యాలెండరే. వేసిన బొమ్మకు నకలు వేరు, అచ్చుగానే పుట్టిన బొమ్మ వేరు. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్‌గారి ఎచింగ్‌లు (లోహపు పలకను ఆమ్లంతో కొరికించి తీసే అచ్చులు) ఏ పెయింటింగ్‌కూ నకళ్లు కావు, ప్లేటు మీదే పుట్టాయి. ఇదంతా నోటితో చెబుతుంటే జనం తలాడిస్తున్నారు గానీ పట్టడం లేదు. రెండో రోజు బ్లాకు, చెక్క బిళ్ల, ఒక్కో రంగు దగ్గర పోయిన కాగితాలు నాలుగు వరసగా బల్ల మీద పెట్టాను. ఒక అమ్మగారు బ్లాకు మీద వేలితో ‘గంగమ్మ’ను తిరగేసి తడిమి, గోడ మీది దాన్ని చూసి, “మీరు చెక్కిందా ఇది!” అన్నారు. 5/18 ఆవిడే తీసుకున్నారు. ఆ హాల్లో మొత్తం మూడు ప్రింట్లు, ఆ బల్ల పెట్టాకే అమ్ముడయ్యాయి, మూడూ ఫ్రేములతో.

ఇంకొకరు అడిగారు, దీని విలువ పెరుగుతుందా అని. 2025 మార్చిలో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో ఎం.ఎఫ్. హుసేన్ పెయింటింగ్ ‘గ్రామ యాత్ర’ 118 కోట్ల దాకా పలికిందన్న వార్త ఆయన చదివారు. అది 1954 నాటి చిత్రం, చిత్రకారుడు పోయాక జరిగిన వేలం. అక్కడి లెక్కలు నా బొమ్మకు వర్తిస్తాయని ఆశ పెట్టడం నావల్ల కాదు. పెరుగుతుందని నేను మాట ఇవ్వలేనండీ, పద్దెనిమిది కన్నా ఎక్కువ ఉండవని మాత్రం ఇస్తాను అన్నాను. ఆయన కొనలేదు. ఆ సమాధానం మార్చుకోను.

తర్వాత వేరే ఊరి గ్యాలరీ ఒకటి నాలుగు ప్రింట్లు అమ్మి పెడతామంది, కమిషన్ 40 శాతం. కొరియర్ రూ. 650. రెండు అమ్ముడయ్యాయి, నాకు వచ్చింది రూ. 4,200, అదీ రెండున్నర నెలలు అడగ్గా అడగ్గా. మిగిలిన రెండూ తిరిగొచ్చాయి. 12/18 బాగానే ఉంది. 11/18 వెనక నాలుగు మూలలా గమ్ టేపు, లాగితే కాగితం పొర ఊడింది. పంపినప్పుడు ఎలా ఉందో నా దగ్గర ఫొటో లేదు, కాగితం మీద ఒప్పందం లేదు. అడగడానికి ఆధారమే లేకుండా చేసుకున్నాను.

ఇప్పుడు ఎవరికి ఇచ్చినా ఒక పేజీ రాసుకుంటున్నాను:

1. ప్రింటు నంబరు, కొలత, ముందూ వెనకా ఫొటోలు.
2. ధర, అందులో జీఎస్టీ కలిసిందా లేదా. అసలు ప్రింట్ల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బేరంలో ఆ తేడా ఎవరికి పోతోందో అడగాలి.
3. కమిషన్ శాతం, తగ్గింపు ఇస్తే ఎవరి వాటాలోంచి.
4. అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బు.
5. పాడైతే ఎవరు భరిస్తారు.
6. గోడకు ఎలా బిగిస్తారు. టేపు వద్దు అని అక్షరాలా.

11/18ని చించి, నోటు పుస్తకంలో ఆ నంబరు ఎదురుగా ‘పాడైంది, తీసేశాను’ అని తేదీ వేశాను. ఒక ప్రూఫ్ మీద పెన్సిల్ రాత చెరిపి 11/18 అని రాసుకోవచ్చు కదా అని ఒక మిత్రుడన్నాడు. అచ్చులో తేడా లేదు, ఎవరికీ తెలియదు. కానీ ప్రూఫ్ ప్రూఫే. కొన్నవాళ్లకు నేను ఇచ్చింది ఆ అంకె ఒక్కటే.

లెక్క: మొత్తం ఖర్చు రూ. 22,100. వచ్చింది: 4,000 + 16,500 + 4,200 = రూ. 24,700. మిగులు రూ. 2,600. పని 194 గంటలు. అమ్ముడయినవి 7, పాడైంది 1, నా దగ్గర 10. ప్రూఫ్‌లు 2.

ఏప్రిల్ 19

రెండో ప్రూఫ్ కవరులో పెట్టుకుని ఉదయాన్నే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లాను. స్కెచ్‌లు గీసేటప్పుడు నాకు నీడలో చోటిచ్చిన పడవ సరంగుకు చూపించాలని. చేతులు తుడుచుకుని పట్టుకున్నారు. ముందు పేరు చదివారు, తర్వాత కొండ చూశారు, తర్వాత పడవల మధ్య వేలు పెట్టి ఆగిపోయారు.

“టైర్లేవి బాబూ? టైర్లు లేకుండా ఇంత దగ్గర కట్టేస్తే రెండు పడవలూ రాసుకుని చెక్క పోద్ది.”

గజిబిజిగా ఉంటుందని తీసేశానని చెప్పాను. మళ్లీ పెట్టేయొచ్చుగా అన్నారు. పెట్టడానికి బ్లాకులో అక్కడ లినో లేదు, మూడో చెక్కుడులో పోయింది. అది విని కాసేపు ప్రింటు వైపే చూసి, “అయితే ఈసారి చేసేదాంట్లో ఎయ్యి” అని, ఏ పడవకు ఎన్ని కడతారో, తాడు ఎక్కడ ముడేస్తారో పక్కనున్న పడవ దగ్గరకు తీసుకెళ్లి చూపించారు. కొలిచాను. పక్కకు అయిదు, ఒక్కోదాని మధ్య ఇంచుమించు రెండు మీటర్లు. ప్రూఫ్ ఆయన దగ్గరే ఉంచేశాను.

తర్వాతి బ్లాకు అక్టోబర్ వానలు తగ్గాక మొదలవుతుంది. కాగితాలు 50 తెప్పిస్తున్నాను.